నిన్నటి పాలు

తను రాసిన ఆ ఒక్క లైనును చూసుకుని జెనెల్ క్వామ్ ఎంతో మురిసిపోయింది. అంత పొట్టిగా, అంత పొందిగ్గా కుదరడం ఎప్పుడో గానీ జరగదు. రాసిన రోజు సాయంత్రం తనకు తనే బహుమానం ఇచ్చుకున్నట్టు ఒక సంచీడు జున్ను ముక్కలు కొనుక్కుని, ఇంటికి చేరేలోపే కార్లో తినేసింది. ఆ లైను ఒకనాటికి ఒక మనిషి కొట్టాన్ని ఖాళీ చేయించేదాకా వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

విస్కాన్సిన్ పడమటి కొండల్లో పాడి రైతుల సహకార సంఘం ఒక పాత జున్ను ఫ్యాక్టరీలో నడుస్తుంది. వాన పడిందంటే ఆ గోడలు ఇప్పటికీ పులిసిన వాసన కొడతాయి. పొద్దున ఏ ఆవు ఎన్ని పాలిచ్చిందో కొట్టాల్లోని యంత్రాలు కొలిచి సంఘం డేటాబేస్‌కు పంపుతాయి. ఆవుకు రోజుకొక వరుస. అందులో ఆవు పేరు, తేదీ, పాలు ఉంటాయి. ఆ డేటాబేస్ మంచీ చెడ్డా చూసేది జెనెల్. ఊళ్ళో బ్యాంకులో ఇంకో జెనెల్ ఉంది కాబట్టి ఈమెను అందరూ కంప్యూటర్ జెనెల్ అంటారు. వయసు నలభై దాటింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే వెంటనే మంచు గురించి మాట్లాడటం మొదలుపెడుతుంది.

ఆ డేటాబేస్‌ను అడగడానికి ఆమె రాసిన ఆ ఒక్క లైను, అంటే క్వెరీ, చేసే పని చిన్నదే. ప్రతి ఆవుకూ ఈ పొద్దుటి పాలను నిన్న పొద్దుటి పాలతో పోల్చాలి. బాగా తగ్గితే ఆ ఆవు పేరును రైతు టిఫిన్‌కు కూర్చునే వేళకు అతని ఫోనుకు పంపాలి. ఆవు నోరు విప్పి చెప్పుకోలేదు. ఒంట్లో బాగాలేకపోతే ముందు పాలు తగ్గిస్తుంది. ఫోనుకు వెళ్ళే మాటలు కూడా జెనెలే రాసింది. "శుభోదయం! నిన్నటి కంటే పాలు తగ్గించిన ఆవులు ఇవి. ఒకసారి పలకరించండి." పలకరించడమేమిటని మేనేజరు మొహం చిట్లించాడు గానీ ఆమె ఆ మాటను మార్చనివ్వలేదు.

ఆ సందేశాన్ని అందరికంటే ఇష్టంగా చదివిన మనిషి లవాన్ హాగ్‌స్టాడ్. ఆమె, ఆమె భర్త ఆరిన్ కలిసి యాభై ఆవుల్ని చూసుకునేవాళ్ళు. పాలు తీసేది ఆరిన్, ఆ లెక్కను సంఘానికి పంపే కంప్యూటరు మీట నొక్కేది లవాన్. తన ఆవులకు ఆమె చర్చి పాటల బృందంలోని ఆడవాళ్ళ పేర్లు పెట్టింది. ఆ సంగతి ఆ ఆడవాళ్ళకు మాత్రం చెప్పలేదు. పొద్దున్నే గుడ్లు వేయిస్తూ, "ఇదిగో విన్నావా, మాక్సీన్‌కి ఇవాళ ఒంట్లో బాగాలేదట, ఇర్మా పొగరు కూడా కాస్త తగ్గిందట" అని చదివి వినిపించేది. ఆరిన్ కాఫీ గొంతులో అడ్డుపడేలా నవ్వేవాడు. ఎక్కడ కనబడినా ఆమె జెనెల్‌ను ఆపి, "నీ ఉత్తరం రోజూ వస్తోందమ్మాయ్" అని చెప్పేది.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక పొద్దున లవాన్ లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. అంత్యక్రియలకు జెనెల్ కూడా వెళ్ళింది. చర్చి నేలమాళిగలో అందరితోపాటు హామ్ శాండ్‌విచ్ తిని, ఆరిన్ చేయి పట్టుకుని, ఏం మాట్లాడాలో తెలియక రోడ్ల మీద మంచు గురించి రెండు ముక్కలు మాట్లాడి వచ్చేసింది. ఆ మాటలు తలచుకుని తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకుంది.

మార్చి నెల బురదలో ఒక బుధవారం, ఆరిన్ పక్క పొలం రైతు డ్వెయిన్ స్టెన్స్‌రుడ్ పాల నమూనా సీసాల కోసం ఆఫీసుకు వచ్చాడు. సీసాలు తీసుకున్నాడు గానీ కదల్లేదు.

"విన్నావా? ఆరిన్ ఆవుల్ని అమ్మేస్తున్నాడు" అన్నాడు. "మొత్తం మందని. ఎల్లుండి శుక్రవారం తొమ్మిదింటికి బేరగాడు లారీ తెస్తున్నాడు."

"అదేంటి! ఇంత తొందరగానా?"

"నేనూ అదే అడిగా. మీ మెసేజ్ తీసి చూపించాడు. మొన్న సోమవారం పొద్దున వచ్చిందంట. నిన్నటి కంటే పాలు తగ్గించాయంటూ యాభై పేర్లూ ఉన్నాయి. మా ఇర్మా పేరున్న ఆవు సుద్దా." ఇర్మా అతని భార్య. రహస్యం ఎప్పుడో బయటపడినట్టుంది. "ఒక్క రాత్రిలో అన్నీ కలిసి మానేశాయిరా, అవి లవాన్‌ని చూసే ఇన్నాళ్ళూ ఇచ్చాయి, వాటికి నేనెవర్ని, అంటాడు. ఇంక ఏం చెబుతాం?"

ఒక్క రాత్రిలో మంద మందంతా పాలు తగ్గించడం జరగని పని. జెనెల్ వెంటనే ఆరిన్ కొట్టం లెక్కలు తెర మీదకు తెచ్చింది. సోమవారం వరుసలు ఉన్నాయి. వాటికి సరిగ్గా పైన ఉన్న వరుసల తేదీ చూసింది. ఫిబ్రవరి. లవాన్ పోవడానికి ముందు రోజు పొద్దున. ఆ రెంటి మధ్య ఏమీ లేదు, సోమవారం తర్వాత కూడా లేదు.

"డ్వెయిన్, అంత్యక్రియల రోజు వాళ్ళ ఆవుల పాలు ఎవరు తీశారు?"

"ఇంకెవరు, మేమే. మేమూ, కొండ అవతల వాళ్ళూ వంతులేసుకుని తీశాం. ఆ వారమంతా మేమే. తర్వాత తను మొదలెట్టాడు."

"కంప్యూటరు మీట నొక్కారా?"

డ్వెయిన్ టోపీ వెనక్కి తోసుకున్నాడు. "ఏ కంప్యూటరు?"

జెనెల్ తల పట్టుకుంది. డ్వెయిన్ మీద కోపంతో కాదు. తప్పు ఎక్కడుందో అప్పటికే ఆమెకు తెలిసిపోయింది. ఆ ముచ్చటైన లైను "నిన్నటి తేదీ ఉన్న వరుసను తీసుకో" అని చెప్పదు. "దీనికి పైనున్న వరుసను తీసుకో" అని చెబుతుంది. మధ్యలో రోజులు లేకపోతే దానికేం పట్టదు. పై వరుస ఎప్పటిదైనా సరే, అదే నిన్న అనుకుని పోలుస్తుంది.

పట్నంలో పెరిగిన మనిషి ఎవరైనా ఆ క్వెరీ రాసి ఉంటే, మధ్యలో ఒక రోజు తప్పితే ఎలా అని తప్పకుండా అడిగి ఉండేవాడు. జెనెల్‌కు ఆ ప్రశ్నే తట్టలేదు. ఆమె పాడి ఇంట్లో పెరిగింది. క్రిస్మస్ పొద్దున పాలు తీయాలి. మంచు తుఫానులో తాడు పట్టుకుని కొట్టానికి నడిచి వెళ్ళైనా పాలు తీయాలి. తమ్ముడు పుట్టిన పొద్దున కూడా నాన్న పాలు తీసి, బూట్లు కడుక్కుని, అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాడు. పాలు తీయని రోజు అనేది ఒకటుంటుందని ఆమె ఒంట్లో ఏ ఎముకా నమ్మదు. ఆ నమ్మకమే ఆమె చేత ఆ లైను రాయించింది. ఇక్కడ కూడా పాలు తీయని రోజు లేదు. తీసినట్టు లెక్కే లేదు.

ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. ఆమె కోటు వేసుకుని బయల్దేరింది.

ఆరిన్ వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు. అతను పొడుగాటి మనిషి, ఇప్పుడు ఇంకాస్త వంగినట్టున్నాడు. బల్ల నిండా గాజు గిన్నెలే. లవాన్ పోయిన నాటినుంచీ ఇరుగుపొరుగు వండి తెచ్చినవి. ప్రతి గిన్నె అడుగునా ఒక బద్ద టేపు, దాని మీద తెచ్చినవాళ్ళ పేరు. వాటిని కడిగి ఎవరివి వాళ్ళకు తిరిగి ఇవ్వాలి. ఆ వైపు దుఃఖం ఎన్నాళ్ళదైనా గిన్నె మాత్రం తిరిగి వెళ్ళాల్సిందే.

"కూర్చో అమ్మాయ్. కాఫీ ఉంది. ఎవరో తెచ్చిన నిమ్మకాయ మిఠాయి బిళ్ళలు కూడా ఉన్నాయి, అవి నేనొక్కణ్ణే తినలేను" అన్నాడు.

"ఆరిన్ గారూ, సోమవారం మీకొచ్చిన మెసేజ్ తప్పు. నేను చేసిన తప్పు" అంది, కూర్చోకుండానే.

అతను నీళ్ళ పంపు కట్టేశాడు. "మర్యాదకి చెబుతున్నావు."

"కాదండీ."

"తప్పెలా అవుతుంది? మొదటిసారి నా అంతట నేను ఆ మీట నొక్కాను. లవాన్ చూస్తే మెచ్చుకునేది అనుకున్నా. ఇక్కడికొచ్చి కూర్చోగానే ఆమె ఫోను మోగింది." ఫోను కిటికీ గట్టు మీద ఉంది. దాన్ని అతను ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంచుతున్నాడు. "యాభై పేర్లు. ఒక్కటి కూడా వదల్లేదు. పలకరించండి అంట. ఏమని పలకరించను? ఆమె లేదని చెప్పనా? వాటికి తెలుసు."

ఆ మాటలు రాసింది జెనెలే మరి. ఆమె బల్ల మీది గిన్నెలను దగ్గరకు లాగి, ఒక వరుసలో పేర్చసాగింది.

"ఇవి ఏవి ఎప్పుడొచ్చాయో మీకు గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? ఆ తెల్లది లవాన్‌ది. ఆ ముందు రోజు రాత్రి ఆమె వండింది." అతను చెయ్యి తుడుచుకుని దగ్గరకు వచ్చాడు. "ఇది ఇర్మాది. ఆ పొద్దున్నే తెచ్చింది, ఇంకా అంబులెన్స్ వాకిట్లోనే ఉంది. ఇది మాక్సీన్‌ది, మర్నాడు. ఈ నీలం గిన్నె ఎల్వీరాది, అంత్యక్రియల రోజు. బృందంలో అందరికంటే గట్టిగా పాడుతుంది చూడు, ఆవిడ. ఆ రోజు మాత్రం గొంతు పెగల్లేదు పాపం." ఒక్కో గిన్నెనూ ముట్టుకుని చెబుతూ చివరిదాకా వెళ్ళాడు. "ఇదిగో, ఈ ఆఖరిది మొన్న ఆదివారం వచ్చింది."

"ఇప్పుడు చూడండి." ఆమె మధ్యలోని గిన్నెలన్నీ ఎత్తి పొయ్యి గట్టు మీద పెట్టేసింది. లవాన్ గిన్నెను ఆఖరి గిన్నె పక్కకు జరిపింది. "నా క్వెరీ చేసింది ఇదీ. ఆ రోజుల లెక్క లేదు కాబట్టి వాటిని దాటేసి, ఈ గిన్నెను ఈ గిన్నెతో పోల్చింది. పోల్చి, ఇది నిన్నటిది అని మీకు చెప్పింది. ఇది నిన్నటిది కాదు ఆరిన్ గారూ. లవాన్ ఉన్నప్పటిది."

ఆరిన్ రెండు గిన్నెలనూ చూస్తూ నిలబడ్డాడు.

"అన్ని రోజుల్లో ఎన్ని చేతులు మారాయి? ఎవరి చల్లటి చేతులో, ఏ వేళకో. మీరు నిద్రపోయింది ఎంతో నాకు తెలీదు. ఆవులు కాస్త కాస్తగా తగ్గి ఉంటాయి. ఒక్క రాత్రిలో మీకు ఎదురు తిరగలేదు. నిజంగా నన్ను క్షమించండి."

అతను పొయ్యి గట్టు దగ్గరకు వెళ్ళి, తీసేసిన గిన్నెలను ఒక్కొక్కటే తెచ్చి మళ్ళీ వాటి చోట పెట్టాడు. తొందరపడలేదు. ఇర్మాది, మాక్సీన్‌ది, ఎల్వీరాది, అన్నీ.

"వీటిని దాటెయ్యకు" అన్నాడు.

"దాటనివ్వను. ఈ రాత్రికే సరిచేస్తాను. కావాలంటే ఆ ఖాళీ రోజులకు మామూలు సగటు వేసి నింపగలను, చూడ్డానికి..."

"వద్దు." అతని గొంతు గట్టిగానే వచ్చింది. "నేను చర్చిలో కూర్చున్నప్పుడు డ్వెయిన్ వాళ్ళు నా ఆవుల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. వాళ్ళు ఎన్ని పాలు తీశారో ఎవరికీ తెలీదు. తెలియనట్టే ఉండనీ. ఊహించి రాయకు."

"సరే."

కాఫీ చల్లారిపోయింది. అతను మళ్ళీ వేడిది పోసి ఆమె ముందు పెట్టాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "సరేలే, నీ యంత్రం అబద్ధమాడింది. పాలు తగ్గిన మాట నిజమేగా? ఇంకా తగ్గుతున్నాయేమో" అన్నాడు.

"అయ్యుండొచ్చు. పెరుగుతూ కూడా ఉండొచ్చు. నాకు తెలీదు, మీకూ తెలీదు. తెలియాలంటే ఒక నిన్న కావాలి."

"నిన్న ఎక్కణ్ణుంచి తెస్తావే పిచ్చిదానా?"

"రేపు పొద్దున మీట నొక్కండి. ఎల్లుండికి అదే నిన్న అవుతుంది."

ఆరిన్ మూతి ఒక పక్కకు తిరిగింది. నవ్వు కాదు గానీ, దాని దారిలోనే ఉంది. "మీ నాన్న కూడా ఇంతే. బేరానికొస్తే వదిలేవాడు కాదు. నొక్కుతాలే. కానీ శుక్రవారం లారీ వస్తుంది జెనెల్. నేను మాటిచ్చేశాను."

ఆ రాత్రి ఆమె క్వెరీని మొదటినుంచీ తిరగరాసింది. ముందు రోజులన్నిటినీ వరసగా పరచాలి, పాలు ఉన్నా లేకపోయినా. తర్వాత ఏ రోజు పాలను ఆ రోజుకు తగిలించాలి. నిన్న అంటే తేదీలో సరిగ్గా ఒక రోజు వెనక, అంతే. అక్కడ ఖాళీ ఉంటే ఖాళీ అని చెప్పాలి, దాన్ని దాటి వెనక్కి వెళ్ళకూడదు. ఈసారి లైను పొట్టిగా లేదు, ముద్దుగా అసలే లేదు. పొడుగ్గా, అతుకులు పడి, పని చేస్తుంది.

రాయడం అయ్యాక ఒక పాడు ఆలోచన వచ్చింది. ఎంత తగ్గితే పేరు పంపాలో నిర్ణయించే అంకె ఆమె చేతిలోనే ఉంది. ఆ ఒక్క కొట్టానికి దాన్ని కాస్త పెంచితే శుక్రవారం ఒక్క పేరూ రాదు. ఆరిన్ ఆవులు ఆరిన్ దగ్గరే ఉంటాయి. ఎవరికీ తెలియదు కూడా. ఆమె వేలు మీటల మీద చాలాసేపు ఆగింది. ఆమెకు ఆ ముసలాయన మీద జాలి కాదు, ప్రేమ. అయినా ఒకసారి అబద్ధం చెప్పిన ఫోనుతో మళ్ళీ ఇంకో అబద్ధం చెప్పించడానికి మనసు రాలేదు. అంకెను ముట్టుకోకుండా కంప్యూటరు మూసేసింది.

గురువారం టిఫిన్ వేళకు ఆరిన్ నుంచి ఫోను వచ్చింది. "అన్ని ఆవుల పేర్ల పక్కనా 'నిన్నటి లెక్క లేదు' అని వచ్చింది" అన్నాడు. "నీ యంత్రం నాతో చెప్పిన మొదటి నిజం ఇదే." అంతే, పెట్టేశాడు.

శుక్రవారం తెల్లారకముందే జెనెల్ ఆ కొట్టంలో ఉంది. పాలు తీసి చాలా ఏళ్ళయినా చేతులు మరచిపోలేదు. ఆరిన్ ఒక వైపు, ఆమె ఒక వైపు, మధ్యలో రేడియోలో గొణుగుతున్న దాణా ధరలు. ఒక్కో ఆవు దగ్గరా ఆరిన్ వీపు నిమిరి, పేరు పెట్టి పిలిచి గానీ వంగడం లేదు. చివరిసారిగా చేస్తున్న మనిషిలా చేస్తున్నాడు. అది చూడలేక జెనెల్ తన వైపు ఆవుల మీదే కళ్ళు నిలిపింది.

వంటింట్లో అతను గుడ్లు వేయించాడు, మాడ్చాడు. గోడ గడియారం ఎనిమిది దాటింది. కిటికీ గట్టు మీద లవాన్ ఫోను మోగింది.

జెనెల్ లేవబోయింది. ఆరిన్ చేయి అడ్డం పెట్టాడు. "నేను చదువుతాను. ఈ ఇంట్లో దాన్ని పైకి చదివే అలవాటు."

కళ్ళజోడు వెతుక్కున్నాడు. అది నెత్తి మీదే ఉంది. ఫోనును దూరంగా పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "శుభోదయం. నిన్నటి కంటే పాలు తగ్గించిన ఆవులు ఇవి." ఆగాడు. తెరను వేలితో కిందికి తోశాడు, మళ్ళీ పైకి తోశాడు. "ఎల్వీరా."

"ఇంకా?"

"ఇంకేం లేదు. ఎల్వీరా ఒక్కతే." అతను మళ్ళీ చూశాడు. "మిగతావి తగ్గించలేదా?"

"లేదు ఆరిన్ గారూ. తగ్గిస్తే పేరొచ్చేది. నేను దేన్నీ ముట్టుకోలేదు."

ఆరిన్ కుర్చీలోంచి లేచాడు. "ఎల్వీరాకేమైంది? నా వైపే కదా అది, పొద్దున నేనే తీశాను, నాకు తెలియలేదేంటి?" అప్పటికే ఒక కాలు బూటులో పెట్టాడు. గుడ్లు పళ్ళెంలో అలాగే ఉన్నాయి.

కొట్టంలో ఎల్వీరా తల వేలాడేసి నిలబడింది. ఆరిన్ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పొదుగు తడిమాడు. వెనక ఎడమ చన్ను దగ్గర అతని చేయి ఆగిపోయింది. "కాలిపోతోంది. గట్టిపడుతోంది కూడా. పొదుగువాపు ఇప్పుడే మొదలైంది." దాని డొక్కకు నుదురు ఆనించాడు. "ఏమైందే తల్లీ? నేను ఇక్కడే ఉండి కూడా నీవైపు చూడలేదే. చెప్పొద్దూ?" అతని భుజాలు కదులుతున్నాయి. ఆవు మెడ తిప్పి అతని టోపీని వాసన చూసింది. లవాన్ పోయిన నాటినుంచీ ఆరిన్ ఏడవగా ఎవరూ చూడలేదు. జెనెల్ వెళ్ళిపోవాలా ఉండాలా తెలియక, బకెట్ తీసుకుని వేడి నీళ్ళ కోసం వెళ్ళింది.

ఆమె తిరిగొచ్చేసరికి అతను లవాన్ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో పొదుగు మర్దన చేస్తూ మాట్లాడుతున్నాడు.

"లేదయ్యా, లారీ వెనక్కి తిప్పుకో. దారిలో ఉన్నావా? అయితే వచ్చి కాఫీ తాగి పో, ఆవుల్ని మాత్రం ఇవ్వను. నాకు ఇక్కడ ఒకదానికి ఒంట్లో బాగాలేదు." బేరగాడు ఏదో గట్టిగా అడిగినట్టున్నాడు. ఆరిన్ ఓపిగ్గా విన్నాడు. "మళ్ళీ ఎప్పుడు రమ్మంటావంటే నేనేం చెప్పను? రేపు పొద్దున చూడాలి, ఇవాళ్టికంటే ఎలా ఉందో."

ఫోనును జెనెల్ చేతికి అందించి, అతను వేడి నీళ్ళలో ముంచిన గుడ్డను ఎల్వీరా పొదుగు మీద వేశాడు.